రెండు సర్వర్లు అందరికీ అవసరమా?

వీపీఎన్ అంటే మన డేటాను రహస్య సంకేతాలుగా మార్చి వేరే సర్వర్ మీదుగా పంపే సేవ. అందులో ఉన్న రక్షణలన్నీ ఆన్ చేసుకోవాలని చెప్పే వ్యాసం చదివాను, దానితో ఏకీభవించలేను. చీమకుర్తి నుంచి గ్రానైట్ పలకల ఫొటోలు విదేశాలకు పంపడం నా పని. డబుల్ వీపీఎన్ పెడితే డేటా రెండు సర్వర్లు చుట్టి వెళ్తుంది. ఇక్కడి నుంచి ఒంగోలుకు పొదిలి మీదుగా తిరిగి వెళ్లినట్టే! పెద్ద ఫైళ్లు సగంలో ఆగిపోతాయి.

కిల్ స్విచ్‌ను మాత్రం దయచేసి ఎవరూ తీసేయవద్దు. వీపీఎన్ తెగినప్పుడు నెట్‌ను ఆపడమే దాని పని, వేగాన్ని తగ్గించదు. నెమ్మదిగా ఉంటే ముందు ప్రోటోకాల్, అంటే వీపీఎన్ డేటాను పంపే పద్ధతి, ఏదో చూడండి. ఓపెన్‌వీపీఎన్ అనే ప్రోటోకాల్‌ను టీసీపీ (పంపిన ప్రతి ముక్కా అందిందో లేదో సరిచూసుకునే విధానం) మీద నడుపుతుంటే వైర్‌గార్డ్ అనే ప్రోటోకాల్‌కు మారండి. అది 2020లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ 5.6లో చేరింది, కోడ్ చాలా చిన్నది, అలా సరిచూసుకుంటూ ఆగని యూడీపీ మీద నడుస్తుంది. నాకు తేడా మొదటి రోజే తెలిసింది.

నిఘా భయమున్న విలేకరికి రెండు సర్వర్లు కావాలి, కాదనను. లాడ్జి వైఫైలో మెయిల్ చూసుకునేవారికి ఒక్కటి చాలు.