పద్దెనిమిది నిండితే పరాయివాళ్లా?

అనాథ పిల్లల కోసం సర్కారు నడిపే బాలసదనంలో పెరిగే పిల్లలు ఎవరి పిల్లలు? నవంబర్ 14న వేదికలెక్కే నాయకులకు, అధికారులకు ఇందులో అనుమానమే ఉండదు. ‘మీకు అమ్మానాన్నలం మేమే’ అని మైకు పగిలేలా చెబుతారు. అదే బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండగానే టీసీ చేతిలో పెట్టి, ట్రంకుపెట్టెతో గేటు దాటించడం ఏటా జరిగే తంతే. ఆ వయసుకు బిడ్డను ఇంట్లోంచి వెళ్లగొట్టే అమ్మానాన్నలు నల్లగొండలోనో, పాలమూరులోనో ఎక్కడున్నారో చూపించండి.

చట్టం ఇంత కర్కశంగా లేదు. 2015 బాలల న్యాయ చట్టంలోని 46వ సెక్షన్ ఇలా బయటికొచ్చేవారికి ఆర్థిక సాయం ఇచ్చే వీలు కల్పించింది. 21 ఏళ్ల దాకా, తప్పనిసరైతే మరో రెండేళ్లు అండగా ఉండొచ్చని 2016 నిబంధనలు చెబుతున్నాయి. పిల్లల సంరక్షణకు కేంద్రం తెచ్చిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు రూ.4,000 ఇవ్వొచ్చు. ఇవన్నీ ఉన్నాయని గేటు దాటే పిల్లలకు చెప్పే నాథుడేడి? పదేళ్లలోపే తల్లిదండ్రులను పోగొట్టుకుని ఆశ్రమాల్లో పెరిగినవారు బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. ఆ సర్టిఫికెట్ కోసం మీసేవకు పోతే మాత్రం నాన్న పేరేంటి, రేషన్ కార్డేదన్నదే మొదటి ప్రశ్న. నాన్నలం మేమేనన్న వాళ్లలో ఒక్కరూ ఆ కౌంటర్ దగ్గర కనిపించరు.

కొత్తగా వచ్చే పిల్లలకు చోటు కావాలని, పెద్దవాళ్లను చిన్నపిల్లలతో కలిపి ఉంచలేమని అధికారులు అంటారు. నిజమే కావచ్చు. వేరే గది చూపమన్నాం, వీధి చూపమనలేదు.

ఈ పిల్లలు మాత్రం చతికిలపడటం లేదు. ఎల్బీనగర్ వైపు ఒకే గదిలో ముగ్గురు నలుగురు సర్దుకుంటున్నారు. షాపింగ్ మాల్‌లో నిలబడి పనిచేసే అక్క, నర్సింగ్ చదివే చెల్లికి ఫీజు కడుతోంది. పెళ్లిచూపుల్లో పెద్దదిక్కుగా కూర్చునేది కూడా ఆ సదనం అక్కే. రక్తసంబంధం లేకున్నా వాళ్లు కట్టుకున్న కుటుంబమది. అందులో సర్కారు వేసిన ఇటుక ఒక్కటీ లేదు. అయినా వారిలో ఒకరికి ఉద్యోగం వస్తే శాలువా పట్టుకుని ఫొటోకు మొదట వచ్చేది సర్కారే. వాళ్ల గుండె నిబ్బరాన్ని మెచ్చుకుంటూ తన బాధ్యత దులుపుకోవడం ఎంత హాయి!

సదనం అమ్మాయికి పెళ్లి చేస్తూ పెద్దలు కన్యాదానం చేసిన ఫొటోలు చూశాం. మంచిదే. మరి బతుకమ్మకు ఆ అమ్మాయి ఏ పుట్టింటికి రావాలి? పూలు పట్టుకుని సదనానికి వస్తే, పర్మిషన్ లెటర్ ఉందా అని వాచ్‌మన్ అడుగుతాడు. తొలి కాన్పుకు పిలిచేదెవరు?

గత ఐదేళ్లలో పద్దెనిమిది నిండి బయటికెళ్లినవారు ఇప్పుడెక్కడున్నారు, ఎవరికి నెలనెలా సాయం అందింది? ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ పరిధిలోని ప్రతి కలెక్టర్ ఆ జాబితా బయటపెట్టాలి. కన్నబిడ్డ ఎక్కడుందో చెప్పలేని ఆ అమ్మానాన్నలు వచ్చే నవంబర్ 14న మైకు పట్టుకోకపోవడమే మర్యాద.