లాయరు దుర్గాబాయిని మరిచిపోయాం

ఏటా పుట్టినరోజు జులై 15న దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఫొటోకు దండ వేసి మైకు పట్టుకునేవాళ్లలో చాలామంది చెప్పేది ఒకే కథ. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు వాలంటీరుగా నిలబడిన పద్నాలుగేళ్ల అమ్మాయి, టికెట్ లేదని నెహ్రూనే ఎగ్జిబిషన్ గుమ్మం దగ్గర ఆపేసింది, టికెట్ తెచ్చాకే లోపలికి పంపింది. మంచి కథే. ఆ తర్వాత ఆంధ్ర మహిళా సభ, ఆసుపత్రి, స్కూళ్లు, పద్మవిభూషణ్, అక్కడితో సభ ముగుస్తుంది. ఢిల్లీలో ఆమె పేరుతో మెట్రో స్టేషన్ కూడా ఉంది. కానీ ఆమె క్రిమినల్ కేసులు వాదించిన లాయరని, మన రాజ్యాంగంలో కొన్ని మాటలు ఆమె లేచి నిలబడి అడగబట్టే మారాయని చెప్పేవాళ్లు ఎంతమంది? సంఘసేవకురాలు అన్న ఒక్క మాటలో ఆమెను సర్దేశాం. ఇది ఆమెకు చేసిన అన్యాయమనే మా అభిప్రాయం.

అసలు ఆమె లా ఎందుకు చదివారో చూడండి. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో మద్రాసులో అరెస్టయి, వేలూరు, మదురై జైళ్లలో గడిపారు, మదురైలో ఒంటరి గదిలో కూడా ఉంచారు. ఆ జైళ్లలో తారసపడిన ఆడ ఖైదీల్లో చాలామందికి తమ మీద పెట్టిన కేసేమిటో, ఏ మాట ఒప్పుకుంటే ఏ శిక్ష పడుతుందో కూడా తెలియదు, అడగడానికి వకీలు లేడు. వీళ్లకు డబ్బు తీసుకోకుండా వాదించాలంటే ముందు తాను చట్టం నేర్చుకోవాలని అక్కడే నిశ్చయించుకున్నారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేస్తే, పదిహేనేళ్లకు ఆ బంధం వద్దని బయటికి వచ్చిన మనిషి, జైలు నుంచి వచ్చాక మెట్రిక్ దగ్గర మొదలుపెట్టారు. ఆంధ్రా యూనివర్సిటీలో ఆడపిల్లలకు హాస్టల్ లేదు, సీటివ్వలేమంటే తనలాంటి అమ్మాయిలను పోగుచేసి హాస్టల్ పెట్టుకుని చదివారు. 1942లో లా పట్టా, ఆ తర్వాత మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు. మధ్యలో 1937లో మహిళా సభ. అంటే సేవా, చట్టమూ ఆమెకు వేర్వేరు పనులు కావు, మనమే విడదీసి ఒకటి ఉంచుకుని ఒకటి పారేశాం.

1946లో మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు వెళ్లారు. సభలో ఉన్న ఆడవాళ్లు పదిహేను మంది, వాళ్లలో అధ్యక్ష స్థానంలో కూర్చునే ప్యానెల్‌లో చోటు దక్కింది ఆమె ఒక్కరికే. అప్పటికి ఆమె పేరు జి.దుర్గాబాయి, సభ రికార్డుల్లో అలాగే ఉంటుంది. ఆ చర్చలు తీసి చదివితే ఆమె పెద్ద పెద్ద ఉపన్యాసాలు దంచినట్టు కనిపించదు. కోర్టులో దస్తావేజు చూసే లాయరులా ఒక్కో మాట దగ్గర ఆగుతారు, ఈ మాట ఇలాగే ఉంటే రేపు దీన్ని ఎవరు ఎలా వాడుకుంటారో చూస్తారు.

1948 డిసెంబర్‌లో మత స్వేచ్ఛ మీద చర్చ జరిగింది. హిందూ ధార్మిక సంస్థల తలుపులు హిందువుల్లోని ఏదైనా వర్గానికి లేదా సమూహానికి తెరిచే అధికారం ప్రభుత్వానికి ఉంటుందని ముసాయిదాలో ఉంది. ఎవరికైనా చదవగానే బాగానే ఉందనిపిస్తుంది. దుర్గాబాయి లేచి, ‘ఏదైనా వర్గానికి’ తీసేసి ‘అన్ని వర్గాలకూ, సమూహాలకూ’ అని పెట్టమన్నారు. తేడా చిన్నదా? ఏదైనా అన్నప్పుడు, ఒక కులానికి గుడి తలుపు తీసి ఇంకో కులాన్ని బయటే నిలబెట్టి, చట్టం పాటించామని చెప్పుకోవచ్చు. అన్ని అన్నాక ఆ సందు లేదు. ఈ రోజు 25వ అధికరణంలో ఉన్నది అన్ని వర్గాలకూ అన్న మాటే. గుడి ముందు నిలబడి లోపలికి వెళ్లలేకపోయిన మనిషికి ఆ ఒక్క మాట ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు, అయినా మన పాఠ్యపుస్తకాల్లో టికెట్ కథకు దొరికిన చోటు దీనికి దొరకలేదు.

1949 మేలో ఇంకోటి. ఎగువ సభకు పోటీ చేయాలంటే 35 ఏళ్లు నిండాలన్నారు. 30 చాలు అన్నది దుర్గాబాయి. వయసుతోనే తెలివి వస్తుందన్నది పాత మాట, ఈ కాలం పిల్లలు తమ హక్కులూ బాధ్యతలూ ముందే తెలుసుకుంటున్నారన్నది ఆమె వాదన. సభ ఒప్పుకుంది. ఇవాళ రాజ్యసభకు 30 ఏళ్లకే వెళ్లగలుగుతున్నామంటే అది ఆ సవరణ వల్లే.

ఆమె అన్నదల్లా ఒప్పేనని మేము అనం. జాతీయ భాష హిందుస్థానీయే కావాలని, అంటే హిందీ ఉర్దూ కలిసిన భాష కావాలని 1949 సెప్టెంబర్‌లో వాదించారు. దేశం మొత్తానికి ఒకే జాతీయ భాష ఉండాలన్న మాటతో మాకు పేచీ ఉంది. కానీ ఆమె ఆ మాట ఎవరై ఉండి అన్నారో గమనించాలి. కాకినాడలో చిన్నప్పుడే బడి పెట్టి, కన్నతల్లితో సహా ఆడవాళ్లకు హిందీ నేర్పిన మనిషి, దక్షిణాదిలో హిందీ మీద వ్యతిరేకత పెరగడానికి కారణం హిందీ వాళ్ల అతి ఉత్సాహమేనని ఢిల్లీ సభలో వాళ్ల ముందే చెప్పారు. ఇప్పుడు మన ఎంపీల్లో ఎంతమందికి ఆ నోరుంది?

ఆడపిల్లలకు ఆస్తిలో హక్కు కోసం హిందూ కోడ్ బిల్లును సమర్థించారు. 1951లో అది ఆగిపోయింది, తర్వాత ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే వాటా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1985లో, దేశమంతటా 2005లో గానీ రాలేదు. 1952 ఎన్నికల్లో ఆమె ఓడిపోయారు, ఓడినా నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలయ్యారు. అదే ఏడాది చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసొచ్చి, మన దగ్గరా అలాంటివి కావాలని నెహ్రూతోనూ, న్యాయమూర్తులు చాగ్లా, గజేంద్రగడ్కర్‌లతోనూ మాట్లాడారు. చట్టం వచ్చింది 1984లో. అప్పటికి ఆమె పోయి మూడేళ్లు.

ఆ చట్టం ఉద్దేశం చాలా మంచిది. మొగుడూ పెళ్లాల తగువును మామూలు సివిల్ దావాలా లాగొద్దు, ముందు రాజీకి ప్రయత్నించాలి, వకీలు తప్పనిసరి కాదు. ఇప్పుడు ఏ కుటుంబ న్యాయస్థానం వరండాలోనైనా ఒక పూట కూర్చుని చూడండి. చంటిపిల్లను ఒళ్లో వేసుకుని, కాగితాలున్న ప్లాస్టిక్ కవరు గుండెలకు హత్తుకుని, తన పేరు పిలుస్తారేమోనని తలుపుకేసే చూస్తూ కూర్చునే ఆడమనిషి కనిపిస్తుంది. పిలుస్తారు. రెండు నిమిషాల్లో బయటికొస్తుంది, వాయిదా పడిందని. బస్సు చార్జీ పోయె, ఆ రోజు కూలీ పోయె, మళ్లీ నెల తర్వాత రావాలి. మెయింటెనెన్స్ కోసం ఏళ్ల తరబడి తిరిగే మనిషి టెన్షన్ ఏమిటో ఆ వరండాలో తెలుస్తుంది, చట్టం పుస్తకంలో తెలియదు.

ఇంకో మాట. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఏ ఆడమనిషికైనా, ఆమె ఆదాయం ఎంతైనా సరే, సర్కారు ఖర్చుతో లాయరును పెట్టాలి. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. మదురై జైల్లో దుర్గాబాయి కోరుకున్నది ఇదే కదా! కానీ ఫీజుకు మెడలో గొలుసు అమ్ముకున్నాక గానీ ఈ సంగతి తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు. కోర్టులో వేసే పిటిషన్, అఫిడవిట్ చాలాసార్లు ఇంగ్లీషులోనే తయారవుతాయి, కింద సంతకం మాత్రం తెలుగులో ఉంటుంది. పైన ఏం రాశారో ఆమెకు చదివి చెప్పేవాళ్లు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

అందుకని ఈసారి దండ వేయడానికొచ్చే రెండు రాష్ట్రాల ఎంపీలనూ, ఎమ్మెల్యేలనూ, న్యాయ శాఖ మంత్రులనూ మేము అడిగేది పెద్ద కోరికేమీ కాదు. లా కాలేజీల్లో దుర్గాబాయి రాజ్యాంగ సభలో మాట్లాడినవి చదివించండి. ఉచిత లాయరు దొరికే గది ఎక్కడుందో ప్రతి కోర్టు గేటు దగ్గరా తెలుగులో పెద్ద బోర్డు పెట్టించండి. ఆడమనిషి సంతకం పెట్టే ప్రతి కాగితానికీ ముందు ఒక పేజీ తెలుగు సారాంశం కుట్టాలని, అది ఆమెకు చదివి వినిపించాకే పెన్ను చేతికివ్వాలని రూలు తెప్పించండి.