కనుమనాడు మా రాజుగాడికి గుమ్మడి బిళ్లలు
పండగపూట ఇంట్లో కుక్కకీ ఓ వాటా ఉండాలని, మనం తినేదే దానికీ కాస్త పెడితే చాలని కొందరంటుంటారు. వాటా ఉండాలన్న మాట బాగుంది. కానీ మనం తినేదే పెడితే చాలన్న దగ్గరే నాకు అభ్యంతరం. మూడేళ్ల కిందట సంక్రాంతికి మా కుక్క రాజుగాడికి చక్రపొంగలి పెట్టాం, కిస్‌మిస్‌లు ఏరకుండానే. రాత్రంతా వాంతులు, మాకు ఒకటే టెన్షన్. కిస్‌మిస్, ద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయని డాక్టర్ చెప్పేదాకా మాకు తెలియదు. ఉల్లి, చాక్లెట్ కూడా పెట్టకూడదు. అప్పట్నుంచి వాడికి వేరే వంట. కప్పు రాగిపిండి, అరకప్పు ఉడికించి మెదిపిన గుమ్మడి, ఒక గుడ్డు. ఉప్పు, బెల్లం ఏమీ వెయ్యను. మందంగా ఒత్తి, సీసామూతతో బిళ్లలు కోసి, ఓవెన్‌లో 180 డిగ్రీల మీద 25 నిమిషాలు. గుమ్మడిలో నీరెక్కువై పిండి చేతికి అంటుకుంటే ఇంకో రెండు చెంచాల పిండి కలుపుతాను. మా అత్తయ్య మొదట్లో "కుక్కకి బిస్కెట్లు చేయడమేంటమ్మా, చోద్యం కాకపోతే" అన్నారు. ఇప్పుడు కనుమ పొద్దున ఆవుకి బొట్టు పెట్టాక వాడి నుదుటా ఓ బొట్టు పెట్టి (రెండు నిమిషాల్లో దులిపేసుకుంటాడనుకోండి), మొదటి బిళ్ల ఆవిడే తినిపిస్తారు.