చీమ ప్రమాణాన్ని ప్రభుత్వం వెంటనే ఖరారు చేయాలి

పెట్రోలు బంకులో లీటరు లీటరేనా అని, నగల దుకాణంలో గ్రాము గ్రామేనా అని, కూరగాయల బండి మీది కాటా నిక్కచ్చిగా తూగుతోందా అని తనిఖీ చేసి ముద్ర వేసే తూనికలు కొలతల శాఖ, అందం పెంచే క్లినిక్కుల్లో నిత్యం వాడుకలో ఉన్న ఒక ముఖ్యమైన కొలమానాన్ని ఇంతవరకు పట్టించుకోకపోవడం మిక్కిలి విచారకరం. ఆ కొలమానం పేరు చీమ. పుట్టుమచ్చ తీయించుకోవడానికి వెళ్లినా, బుగ్గన సొట్ట పెట్టించుకోవడానికి వెళ్లినా, కనురెప్పల మీది వదులు చర్మం కత్తిరించుకోవడానికి వెళ్లినా, మత్తు సూది గుచ్చే ముందు జూబ్లీహిల్స్ నుంచి బెంజ్ సర్కిల్ దాకా వినిపించే హామీ ఒక్కటే: “ఏం కాదమ్మా, చీమ కుట్టినట్టు ఉంటుందంతే.”

ఏ చీమ అన్నది ఎవరూ చెప్పరు. పంచదార డబ్బా చుట్టూ తిరిగే నల్ల చీమ మనిషి జోలికే రాదు. ఎర్ర చీమ కుడితే చర్మం భగ్గున మండి దద్దురు లేస్తుంది. గండుచీమ సంగతి వేరే చెప్పనక్కరలేదు, అది ఒకసారి పట్టిందంటే తల తెగినా పట్టు వదలదు. రక్తస్రావం, చీము, మచ్చ, ఎలర్జీ మొదలైన సమస్త ఉపద్రవాలకూ రోగి చేత సంతకం పెట్టించుకునే అంగీకారపత్రంలో ఈ ఒక్క వివరం కోసం గీత కూడా వదలరు. జాతి తెలియని చీమను నమ్మి మనిషి బల్లెక్కి పడుకోవడం ఏ వినియోగదారుల చట్టం కిందికి వస్తుందో న్యాయ నిపుణులు తేల్చాలి.

చెవి తమ్మె సంగతే తీసుకుందాం, ఎందుకంటే తెలుగు ఇళ్లలో అది అరుదైన ఇబ్బందేమీ కాదు. మాటీల ఆసరా లేకుండా ఏళ్ల తరబడి బరువైన బుట్టలు మోసిన చెవికి కన్నం కిందికి సాగి సాగి, చివరికి ఏ చంటిపిల్లో చేయి వేసి గుంజగానే తమ్మె రెండుగా చీలుతుంది. కూతురి పెళ్లి దగ్గర పడుతోందనగా ఆ ఇల్లాలు క్లినిక్కుకు వస్తుంది. డాక్టరు గారు ఊదారంగు పెన్నుతో గీత గీసి, రక్తనాళాలను బిగించే అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్ అనే మత్తుమందు ఒక మిల్లీలీటరు సిరంజిలోకి తీసి తమ్మెలోకి ఎక్కిస్తారు. చూస్తుండగానే తమ్మె ఉబ్బి, తెల్లగా పాలిపోతుంది. చీలిక అంచులను సన్నగా చెక్కి, పచ్చి అంచుకు పచ్చి అంచు చేర్చి, వెంట్రుక లాంటి నైలాన్ దారంతో ముందూ వెనకా కుట్లు వేస్తారు. ఓ వారానికి కుట్లు విప్పుతారు. మళ్లీ చెవి కుట్టించుకోవాలంటే నెలన్నర, రెండు నెలలు ఆగాలి, అదీ పాత మచ్చ మీద కాదు, పక్కన. ఈ మాట విన్నాక ఆ ఇల్లాలు లోలోపల ముహూర్తాన్ని లెక్కవేసుకోవడం మొదలుపెడుతుంది కాబట్టి సూది సంగతి అడగడం మరిచిపోతుంది. నిజానికి ఈ మొత్తం తతంగంలో ప్రాణం విలవిలలాడేది ఆ ఒక్క మిల్లీలీటరు లోపలికి దిగేటప్పుడే. ఆ తరువాతి కోతకు, కుట్లకు నొప్పి ఉండదు.

ఆ మంటకు కారణం రహస్యమేమీ కాదు. మన ఒంట్లోని ద్రవాల పీహెచ్ 7.4 ప్రాంతంలో ఉంటే, అడ్రినలిన్ చెడిపోకుండా ఉండటానికి సీసాలోని లిగ్నోకైన్‌ను 4 దరిదాపుల్లో, అంటే బాగా పులుపు మీద ఉంచుతారు. ఆ పులుపును సున్నితమైన తమ్మెలోకి ఒక్క తోపుతో తోస్తే మండక చల్లగా ఉంటుందా? తొమ్మిది పది మిల్లీలీటర్ల మందుకు 8.4 శాతం సోడియం బైకార్బనేట్ ఒక మిల్లీలీటరు అప్పటికప్పుడు కలిపితే మంట చాలావరకు తగ్గుతుంది. సీసాను ఒంటి వేడికి తేవడం, 30 గేజి సన్న సూది వాడటం, గుచ్చే చోటికి పక్కన చర్మాన్ని గిల్లి పట్టుకోవడం, మొదటి బొట్టు వేసి ఒక్క క్షణం ఆగడం, ఆ మొద్దుబారిన చోటి మీదుగానే నెమ్మదిగా ముందుకు జరగడం, ఇవన్నీ కూడా పనిచేస్తాయి. లిగ్నోకైన్, ప్రైలోకైన్ కలిపిన క్రీమును గంట ముందు రాసి పైన ప్లాస్టిక్ పొర కప్పితే సూది గుచ్చుకున్న సంగతే అంతగా తెలియదు.

అయితే ఈ పద్ధతులకు వ్యతిరేకంగా ఉన్న వాదన కూడా బలమైనదని నిష్పక్షపాతంగా ఒప్పుకోవాలి. సోడియం బైకార్బనేట్ మరీ చవక. చవకైన వస్తువుకు గోడ మీద ఫొటో ఉండదు, ప్రారంభోత్సవానికి సినిమా తార రాదు, ప్యాకేజీలో దానికో వరుస కేటాయించి పైన జీఎస్టీ వేయడం కుదరదు. లేజరు యంత్రాన్ని చూపించి రోగిని అబ్బురపరచవచ్చు గాని, వంటసోడాకు వరసైన ద్రవాన్ని చూపించి ఎవరిని అబ్బురపరచగలం? ఇక మందును నెమ్మదిగా ఎక్కించడం అంటారా, పది సెకన్లలో ముగిసే పనికి నిమిషం పడితే, రోజు మొత్తం మీద ఆ నిమిషాలన్నీ కూడి మరో పుట్టుమచ్చకు సరిపడా సమయం వృథా అవుతుంది. గంట ముందు క్రీము రాయాలంటే గంటసేపు ఆ మనిషి సోఫాలో కూర్చుని, క్లినిక్ వారి కాఫీ తాగుతూ, పక్కవారితో ధరలు పోల్చుకునే ప్రమాదం ఉంది. ఇన్ని నష్టాలకు ఓర్చుకోవడం కంటే రోగి ఒక్క చీమకు ఓర్చుకోవడమే దేశ ఆర్థిక వ్యవస్థకు మంచిదన్న వాదనను తోసిపుచ్చడం కష్టం.

మందు ఎక్కాక వచ్చే ఘట్టం తాత్విక చర్చలకు తావిచ్చేది. లిగ్నోకైన్ నరాల్లోని సోడియం దారులను మూసి నొప్పి కబురును ఆపుతుంది గాని, లాగినట్టు, నొక్కినట్టు అనిపించే స్పర్శ మిగిలే ఉంటుంది. కత్తెర చప్పుడు చెవి పక్కనే వినిపిస్తూ ఉంటుంది. పైగా మందు పూర్తిగా పట్టడానికి, అడ్రినలిన్ రక్తనాళాలను బిగించడానికి ఓపికగా కొన్ని నిమిషాలు ఆగాలి. ఆగకుండా కత్తి పెట్టినప్పుడు ఈ కింది సంభాషణ నడుస్తుంది.

“డాక్టరు గారూ, నొప్పిగా ఉందండీ.”

“అది నొప్పి కాదమ్మా, లాగుతున్నట్టు ఉంటుందంతే.”

“లేదండీ, నొప్పే.”

“మీకలా అనిపిస్తోంది.”

నొప్పి అనేది అనుభవించేవారికంటే పక్కన నిలబడ్డవారికే బాగా తెలుస్తుందన్న ఈ సిద్ధాంతం మనకు కొత్త కాదు. అత్తవారింట్లోనూ, ప్రభుత్వ కార్యాలయాల్లోనూ అది ఎప్పటి నుంచో అమల్లో ఉంది. లాగుడు ఉంటుందని, పదును తెలిస్తే వెంటనే చెప్పమని, చెప్పగానే ఇంకాస్త మందు వేస్తానని ముందే ఒక మాట అంటే ఈ చర్చ అక్కడే ముగుస్తుంది. కాని అంత తేలిగ్గా ముగిసే చర్చలో తత్వం ఎక్కడ మిగులుతుంది?

ఈ దశలో నర్సమ్మ గాని, బయట కూర్చున్న భర్త గాని ప్రయోగించే అస్త్రం మరొకటి ఉంది: “ఇద్దరు పిల్లల్ని కన్నావు, ఇదెంత నీకు?” ప్రసవ వేదన అనేది ఒకసారి చెల్లిస్తే జీవితాంతం చెల్లుబాటయ్యే ధ్రువపత్రమని, ఆ తరువాత ఆమెకు ఎక్కడ ఏ సూది గుచ్చినా మినహాయింపు అడిగే హక్కు ఉండదని మన సమాజం ఏకగ్రీవంగా తీర్మానించింది. మగవారికి ఇటువంటి పత్రమేదీ లేనందువల్ల వారు జుట్టు నాటించుకోవడానికి వెళ్లినప్పుడు బల్ల మీదే కేకలు పెట్టినా ఎవరూ ఏమీ అనరు.

జుట్టు నాటడం మాట వచ్చింది కాబట్టి అక్కడ చీమ ఏకవచనం కాదని గుర్తుచేయాలి. నుదుటి మీద ఒక బారు, తల వెనక మరో బారు, మధ్యలో మళ్లీ కొన్ని, వెరసి సాక్షాత్తు చీమలబారే. కనుబొమల పైన నరాలు బయటికి వచ్చే చోట ముందుగా మందు వేస్తే ముందు బారులో చాలా పోట్లు తప్పుతాయి, దానికి ఆ నరాలు ఎక్కడున్నాయో తెలిసి ఉండాలి. వర్క్‌షాపులో గాని, యూట్యూబులో గాని చూసినంత మాత్రాన జుట్టు నాటడం వంటి పనులు మొదలుపెట్టడానికి తగిన శిక్షణ పొందినట్టు కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చిందంటే, అంతకు ముందు ఎవరేమనుకుంటూ ఉండేవారో ఊహించుకోవచ్చు.

మందు మోతాదు లెక్క విషయంలో మాత్రం క్లినిక్కులను తప్పుపట్టడానికి వీల్లేదు, ప్రతి క్లినిక్కులోనూ బరువు తూచే యంత్రం ఉంటుంది. లిగ్నోకైన్ విడిగా అయితే కిలో బరువుకు సుమారు 4.5 మిల్లీగ్రాములు, అడ్రినలిన్‌తో అయితే 7 మిల్లీగ్రాములు మించకూడదు. అరవై కిలోల మనిషికి అడ్రినలిన్ కలిసిన రెండు శాతం మందు 21 మిల్లీలీటర్లు దాటితే హద్దు దాటినట్టే. తమ్మెకు ఈ లెక్కతో పనిలేదు గాని, తలంతా గుచ్చేటప్పుడు ఎంతో పని ఉంది. ఆ యంత్రం మాత్రం ఎక్కువగా కొవ్వు తీసే ప్యాకేజీ ధర కట్టడానికే పనికొస్తోంది. కొవ్వు తీసేటప్పుడు మందును సెలైన్‌లో బాగా పలచన చేసి లీటర్ల కొద్దీ ఎక్కించే పద్ధతిని అమెరికా చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో ప్రకటించాడు. అందులో కిలోకు 35 మిల్లీగ్రాములు, ఆ తరువాత 55 దాకా కూడా అనుమతించారు. అయితే ఆ మందు రక్తంలో తారస్థాయికి చేరేది దాదాపు పన్నెండు గంటల తరువాత, అంటే రోగి ఇంటికి వెళ్లి పెరుగన్నం తిని పడుకున్నాక. పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు కనిపిస్తే ఆలస్యం చేయకూడదని ఆ ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి. మందు విషంగా మారినప్పుడు విరుగుడుగా సిరలోకి ఎక్కించే 20 శాతం కొవ్వు ద్రావణం సీసా ఎక్కడుందని రిసెప్షన్‌లో అడిగి చూడండి, వారు మర్యాదగా చేపల తొట్టె పక్కనున్న కాఫీ యంత్రం వైపు చూపిస్తారు.

కాబట్టి ఈ రచయిత ప్రభుత్వానికి సవినయంగా చేసే సూచన ఏమంటే, ఒక కమిషన్ వేయాలి. హైదరాబాదుకు ఇందులో అనుభవం ఉంది. క్లోరోఫామ్ సురక్షితమా కాదా అని తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు పట్టుదల మీద, 1888లో ఒకటి, 1889లో మరొకటి కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి లండన్ నుంచి నిపుణుడిని రప్పించడానికి నిజాం ప్రభుత్వం వెయ్యి పౌండ్లు ఇచ్చింది. శ్వాసను చూసుకుంటే చాలు, గుండెకు భయం లేదని వందలాది కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసి ఘనంగా తేల్చారు. అది పూర్తి నిజం కాదని తరువాతి కాలం తేల్చింది.

చీమ కమిషన్ కుక్కల జోలికి, కోతుల జోలికి పోనక్కరలేదు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటికి కొకైన్ మత్తును కనిపెట్టినప్పుడు తన కంట్లోనే చుక్కలు వేసుకుని గుండుసూదితో తాకి చూసుకున్నాడు. 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నోకైన్ తయారుచేస్తే, అతని సహచరుడు బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ దాన్ని తన ఒంట్లోకే గుచ్చుకుని పరీక్షించాడు. ఈ ఉజ్జ్వల సంప్రదాయాన్ని అనుసరించి, చీమ పోలికను వృత్తిలో వాడుతున్న వైద్యులనే సభ్యులుగా నియమించాలి. మొదటి సమావేశంలో ప్రతి సభ్యుడికీ ఎడమ తమ్మెలో సీసాలోంచి తీసిన మందును తీసినట్టే ఒక మిల్లీలీటరు వేగంగా, కుడి తమ్మెలో బైకార్బనేట్ కలిపిన మిల్లీలీటరు నిమిషం పట్టేలా ఎక్కించి, ఏ చెవికి ఏ చీమ కుట్టిందో స్వహస్తాలతో రాయించుకోవాలి. కళ్లు చెమర్చిన సభ్యుల వెన్ను తట్టడానికి ఇద్దరు పిల్లల తల్లిని ఒకామెను గౌరవ వేతనం మీద నియమించవచ్చు. సమావేశానికి కోరం దొరకదేమోనన్న శంక అధికారులకు సహజంగానే కలుగుతుంది గనుక, హాజరు కానివారు నివేదిక వచ్చేదాకా రోగులతో ఏ పురుగు పేరూ ఎత్తకూడదని ఉత్తర్వులోనే ఒక నిబంధన చేరిస్తే సరిపోతుంది.