ఉమ్మేయడానికే కొన్న వైన్

గాడిదకేం తెలుసు గంధం వాసన అన్నారు పెద్దలు. ఆ గాడిదల జాబితాలోంచి నా పేరు మూడేళ్ల క్రితమే కొట్టేశారని సవినయంగా మనవి చేసుకుంటున్నాను. ఉద్యోగం కోసం ఇటలీలోని టురిన్‌ చేరిన నేను ఇప్పుడు అరుదైన ఇటాలియన్ వైన్ల రసజ్ఞుణ్ణి. వైన్ తాగుతాడట అని ఎవరైనా అంటే మనసు నొచ్చుకుంటుంది. తాగేవాళ్లు వేరు, మేము వేరు. మేము రుచి చూస్తాం, ఉమ్మేస్తాం.

అవును, ఉమ్మేస్తాం. అందుకోసం టేబుల్ మీద ప్రత్యేకంగా ఒక స్టీలు బకెట్ ఉంటుంది. సాయంత్రానికి 90 యూరోలు కట్టి, ఎనిమిది సీసాల్లోంచి రెండేసి గుక్కలు పోయించుకుని, పుక్కిలించి అందులో వదలాలి. కిళ్లీ నమిలి బస్టాండు గోడ మీద ఉమ్మితే అనాగరికం. బరోలో అనే ఖరీదైన ఎర్ర వైన్ పుక్కిలించి బకెట్లో ఉమ్మితే సంస్కారం. ఉమ్మే ముందు పెదాలు సున్నాలా చుట్టి, గాలి లోపలికి లాగుతూ గరగరమని చప్పుడు చేయాలి. చిన్నప్పుడు చారు ఇలాగే జుర్రితే మా అమ్మ నెత్తిన మొట్టేది. పాపం, గాలి తగిలితే వాసనలు విచ్చుకుంటాయని ఆవిడకు తెలియదు.

ఈ కులంలో నాకు జంధ్యం పడింది ఆ వైన్‌కు పేరిచ్చిన బరోలో ఊళ్లోనే, ఒక నేలమాళిగలో. పాత ఇటుక రంగులో ఉన్న వైన్ గ్లాసుల్లో పోసి, ఏం వాసన వస్తోందో చెప్పమని వరసగా అడుగుతున్నారు. ఒకాయన ఎండిన గులాబీ రేకులన్నాడు. ఒకావిడ కళ్లు మూసుకుని, వాన వెలిశాక అడవిలో కుళ్లుతున్న ఆకులంది. నా వంతు వచ్చింది. నా ముక్కుకు తగిలింది ఒక్కటే: మా ఊళ్లో రోడ్డేసేటప్పుడు డ్రమ్ముల్లో కాగే తారు. పరువు పోతే పోయిందని అదే చెప్పేశాను. గదంతా నిశ్శబ్దం. మాకు వైన్ రుచి చూపిస్తున్నవాడి కళ్లు చెమర్చాయి. ‘కాత్రామే!’ (వాళ్ల భాషలో తారు) అంటూ వచ్చి భుజం తట్టాడు. నెబ్బియోలో ద్రాక్షతో చేసే బరోలోకు తారు, గులాబీ, ఈ రెండే శాస్త్రోక్తమైన పరిమళాలట. మా ఊరి రోడ్డు కాంట్రాక్టరు గారు ఎక్కడున్నా ఆయనకు నా గురుదక్షిణ బాకీ.

అందని ద్రాక్ష పుల్లన అంటారు గానీ, అందిన నెబ్బియోలో కూడా పుల్లనే, పైగా వగరు. లేత బరోలో తాగితే పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పట్టేస్తుంది. అప్పుడు మొహం చిట్లించకూడదు, ‘టానిన్లు (ఆ వగరుకు మా వాళ్ల పేరు) ఇంకా కుదురుకోలేదు’ అనాలి. చట్టం ప్రకారమే కోత ఏడాది నవంబరు 1 నుంచి 38 నెలలు ఆగాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. ఇంకా ఎక్కువ కాలం నిలవ ఉంచే ‘రిజర్వా’ రకమైతే 62 నెలలు. మూడో రోజే ఆవకాయ తిరగకలిపి విస్తట్లో వేసే జాతి నుంచి వచ్చిన నాకు ఈ ఓపిక అంత తేలిగ్గా అబ్బలేదు.

నాలుకను నమ్మి మోసపోవద్దని కొత్తగా చేరేవాళ్లకు నా సలహా. ఇటలీలోని తోస్కానా (టస్కనీ) తీరంలో బోల్గెరి దగ్గర సస్సికాయా అనే మహావైన్ చేస్తారు. 1968 పంటతో అమ్మకానికి వచ్చింది. వాడింది కాబెర్నే అనే ఫ్రెంచి ద్రాక్ష, అక్కడి రూల్సులో అది లేదు. కాబట్టి 1994 దాకా దాని హోదా ‘వినో దా తావోలా’, అంటే అన్నంలోకి తాగే మామూలు వైన్. ఈ రోజు సీసా 200 యూరోలు దాటింది కాబట్టి మాకు దాని గొప్పతనం నాలుకకు స్పష్టంగా తెలుస్తోంది.

2020లో ఇటలీ ఆర్థిక పోలీసులు ఈ సస్సికాయాకే నకిలీ తయారుచేసే ముఠాను పట్టుకున్నారు. లోపలి వైన్ సిసిలీది, సీసాలు టర్కీవి, లేబుళ్లు బల్గేరియావి. సీసాకు చుట్టే పల్చటి కాగితం కూడా అచ్చు అలాగే దింపారు. ఏం తాగాలో ఎరిగిన ముఠా! మేము తాగేది ఆ కాగితాన్నే కదా. 2001లో పక్క దేశంలో బోర్డో పరిశోధకుడు ఒకాయన తెల్ల వైన్‌లో ఎర్ర రంగు కలిపి, వైన్ శాస్త్రం చదివే 54 మందికి ఇచ్చాడు. వాళ్లు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. దీన్ని చూపించి కొందరు నవ్వుతారు. నేను మాత్రం ఆ విద్యార్థుల క్రమశిక్షణకు తలవంచుతాను. కళ్లు చెప్పాక ముక్కు ఎదురు మాట్లాడకపోవడం మంచి పెంపకం.

పోయిన డిసెంబరులో ఒక మిత్రుడు తన పెళ్లినాటి నుంచి దాచిన బరోలో తీశాడు. ఆరుగురం చుట్టూ చేరాం. తడిసిన అట్టపెట్టె, మూసిన గదిలో పాత పుస్తకాలు, ‘వయసుతో వచ్చిన వైరాగ్యం’ (ఇది నాదే) అని రాసుకున్నాం. అంతలో వంటింట్లోంచి మిత్రుడి అత్తగారు చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, ‘బెండు కంపు’ అంది. కార్కు చెడి వైన్ పాడైందన్నమాట. మారు మాట లేకుండా సీసా మొత్తం సింకులో ఒంపేసింది.

నేను రాసుకున్నది మాత్రం దిద్దలేదు. నూటికి 94 మార్కులు.