స్టాండు హోటల్‌కి, హెడ్డు తూకానికి

పోయిన ఆదివారం ఎర్రగడ్డ సంతలో ఒక పాత సింగర్ కుట్టు మిషన్ హెడ్డు కనపడింది. విరిగిన మిక్సీలు, తుప్పు పట్టిన పానాల మధ్య బోర్లా పడి ఉంది. "స్టాండు ఏది?" అన్నాను.

"స్టాండు ఎప్పుడో పోయింది సార్. హోటలోళ్లు పట్టుకెళ్లారు. పైన అద్దమేసి టేబుల్ చేసుకుంటారంట. ఈ హెడ్డు ఎవరిక్కావాలి? తీసుకుంటానంటే తూకానికే ఇస్తా."

నిజంగానే కాటా మీద పెట్టి తూచాడు. నాకు ఎంత మండిందంటే, బేరం ఆడటం కూడా మర్చిపోయాను.

మీరూ చూసే ఉంటారు ఆ హోటళ్లు. అద్దం కింద ఇనుప జాలీ కాళ్లు, మధ్యలో పోతపోసిన కంపెనీ పేరు. పిల్లలు ఊరికే కూర్చోలేక తొక్కుడు పలక ఊపుతుంటే పక్కన చక్రం గిరగిరా తిరుగుతుంది. బెల్టు లేదు, పైన మిషనూ లేదు. దాన్ని చూసి "ఎంత క్లాస్‌గా ఉందో" అని ఫొటో తీసుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. హెడ్డు పగిలిపోయి, ఇక లాభం లేదనుకున్న మిషన్ కాళ్లు తీసి బల్ల చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఈ బల్లల కోసం నడిచే మిషన్లనే విడదీస్తున్నారు.

ఇంటికి తెచ్చి మిషన్ ఆయిల్ గుడ్డతో తుడిస్తే నంబరు బయటపడింది. వై అక్షరంతో మొదలవుతోంది. అంటే 1920లు, 30ల తొలి ఏళ్లలో స్కాట్లండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో తయారైనది. 1885లో మొదలైన ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. పక్కనున్న రైల్వే స్టేషన్ పేరు మాత్రం ఇప్పటికీ సింగరే. అక్కణ్ణుంచి ఓడెక్కి వచ్చి, ఎన్ని ఇళ్లలో ఎన్ని జాకెట్లు, ఎన్ని లంగాలు కుట్టిందో, చివరికి ఎర్రగడ్డలో కాటా ఎక్కింది.

చక్రం ఇసుమంత కూడా కదల్లేదు. తుప్పు కాదు, వంటనూనె! మనవాళ్లకు మిషన్ కిర్రుమంటే వంటింట్లోకి పరుగెత్తడం అలవాటు. పల్లీ నూనె పోస్తే కొన్నాళ్లకు బంకవుతుంది, ఇంకొన్నేళ్లకు వార్నిష్ పూసినట్టు గట్టిపడుతుంది. కొబ్బరి నూనె అయితే చలికాలంలో గడ్డకడుతుంది. బీరువా మీద చవగ్గా దొరికే మిషన్ ఆయిల్ సీసా ఉన్నా సరే, చెయ్యి మాత్రం వంటింటి వైపే పోతుంది.

ప్రతి నూనె రంధ్రంలో రెండేసి చుక్కల కిరోసిన్ వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి చక్రాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ కదపడం, మళ్లీ కిరోసిన్. బలం ఉపయోగిస్తే ఏదో ఒకటి పుటుక్కుమంటుంది, అందుకే ఓపిక పట్టాలి. మూడో రోజు సాయంత్రం సూది కడ్డీ ఒక్కసారిగా జారినట్టు కిందికి దిగింది. కింది దారం పట్టే షటిల్ విప్పితే లోపల ఈతకాయంత నల్ల దారం ఉండ, విరిగిన సూది మొన, ఒక జాకెట్ హుక్కు. ఆ హుక్కును అగ్గిపెట్టెలో దాచాను. ఎందుకని అడగొద్దు.

ఇది సింగర్ కంపెనీ లెక్కలో 15 నంబరు రకం మిషన్. 1930ల్లో కలకత్తాలో జై ఇంజనీరింగ్ మొదలుపెట్టిన ఉషా, ఆ తర్వాత లూధియానాలో తయారైన నల్ల మిషన్లు చాలావరకు ఈ నమూనాయే. అందుకే బాబిన్, బాబిన్ కేసు, సూది ఇప్పటికీ ఏ టైలరింగ్ సామాన్ల షాపులోనైనా దొరుకుతాయి. ఇన్ని దశాబ్దాల నాటి యంత్రానికి విడిభాగాలు పక్క వీధిలోనే! మూడేళ్ల నాటి ఫోనుకి బ్యాటరీ దొరక్క మనం తిరిగే తిరుగుడుతో పోల్చుకోండి.

ఇక పాత మిషన్లకు రంగు పూసి అమ్మేవాళ్ల సంగతి. వాళ్లను తిట్టే ముందు నా తప్పు చెప్పాలి. నేను బాగుచేసిన మొదటి మిషన్‌ని కొత్త పెళ్లికూతురిలా మెరిపించాలని దూదిని స్పిరిట్‌లో ముంచి రుద్దాను. నిమిషంలో దూది పసుపెక్కింది, బంగారు లతల్లో సగం దూదిలోకి వచ్చేశాయి. ఆ బొమ్మల మీద ఉండేది లక్క పూత, స్పిరిట్ తగిలితే కరుగుతుంది. అది తెలిసేసరికి ఆలస్యమైపోయింది. ఆ మిషన్ ఇప్పటికీ బోసి మెడతో నా ఎదురుగానే ఉంది. కాబట్టి బంగారు స్ప్రే కొట్టి, ఆన్‌లైన్ స్టిక్కర్లు అంటించి "పూర్తిగా రీస్టోర్ చేసినది" అని అమ్మేవాళ్లతో నేనడిగేది ఒకటే: ఒక జేబురుమాలు అంచు కుట్టి చూపించండి. కుట్టలేదా, అది బొమ్మ. బొమ్మ అని చెప్పే అమ్ముకోండి.

ఇంకో రకం మనుషులున్నారు. "అన్నా, అందులో రెడ్ మెర్క్యురీ ఉందా?" అని ఫోన్ చేస్తారు. అంటే ఎర్ర పాదరసం, అసలు లేనే లేని ఓ మహా ఖరీదైన పదార్థం. 2009లో సౌదీలో అది పాత మిషన్లలో దాగుందని పుకారు లేచి, పాత సింగర్ మిషన్లు రెండు లక్షల రియాళ్ల దాకా పలికాయి. అది ఉంటే సూది దగ్గర సెల్‌ఫోన్ పెడితే లైన్ కట్ అవుతుందని పరీక్షలు కూడా చేశారు! అందులో ఉండేది పోత ఇనుము, ఉక్కు, పాత నూనె జిడ్డు. పాదరసం లేదు నాయనా, పడుకోండి.

అలాగని పాత మిషన్‌ను నెత్తిన పెట్టుకోమని చెప్పను. "ఎనిమిది మడతల జీన్స్ కుట్టేస్తుంది" అనే గొప్పలు నమ్మొద్దు, ఇది ఇంటి మిషనే. ఒక్క తిన్నని కుట్టు తప్ప ఏమీ రాదు. చీరకి పికో కావాలంటే బజారుకెళ్లాల్సిందే. కానీ ఆ ఒక్క కుట్టు ఎంత తిన్నగా పడుతుందో చూడాలి.

యంత్రాలంటే పెద్దగా గిట్టని గాంధీగారే 1924లో కుట్టు మిషన్‌కి మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టలేక అవస్థ పడుతుంటే చూడలేక, ఈ కంపెనీ పెట్టిన సింగర్ దీన్ని కనిపెట్టాడన్నారు. ఆయనకెవరు చెప్పారో గానీ, ఆ సింగర్‌కి పలువురు స్త్రీలతో ఇరవై మందికి పైగా పిల్లలు. ప్రేమకేం లోటు లేదు లెండి.

నిన్న రాత్రి సూది చదునువైపు ఎడమకు పెట్టి, దారం కుడి నుంచి ఎడమకు ఎక్కించి, పాత లుంగీ ముక్క మీద తిప్పాను. మొదట కింద దారం ఉండలు కట్టింది. దారాన్ని బిగించి పట్టే టెన్షన్ రేకుల మధ్య గుడ్డ నూగు ఇరుక్కుని ఉంది. అది తీశాక జానెడు పొడవు కుట్టు ఎక్కడా తప్పకుండా పడింది. చేత్తో చక్రం తిప్పుతూ ఎంతసేపని కుడతాను?

హెడ్డు నా దగ్గర ఉంది, స్టాండు కావాలి. మీ టేబుల్ మీది అద్దం మీరే ఉంచుకోండి, కాళ్లు ఇస్తే చాలు. ఇచ్చేవాళ్లు మెసేజ్ పెట్టండి.