అగాథా క్రిస్టీ ఇల్లు, మన మండువా లోగిలి

అమలాపురంలో మా అమ్మమ్మగారిది మండువా లోగిలి. నలుగురు అన్నదమ్ముల కుటుంబాలకు ఒకటే వీధి తలుపు. ఎవరు ఎప్పుడొచ్చారో, ఎవరి గదిలో దీపం ఎంతసేపు వెలిగిందో అందరికీ తెలిసేది. ఇంగ్లిష్ డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీని మొదటిసారి చదివినప్పుడు నాకు ఇంగ్లండ్ కాదు, ఆ లోగిలే కనిపించింది.

ఆమె పేరెత్తగానే చాలామంది 1926 డిసెంబరు దగ్గరికి వెళ్లిపోతారు. కనపడకుండా పోయిన ఆ 11 రోజులు ఏమైందని ఇప్పటికీ ఆరాలే. కానీ అంతకుముందు జరిగింది చూడండి. ఏప్రిల్‌లో తల్లి క్లారా పోయింది. టార్కీలోని పుట్టింటికి వెళ్లి, కారుతున్న కప్పు కింద పాత పెట్టెలన్నీ ఆమే సర్దింది. భర్త ఆర్చీ సాయానికి రాలేదు. ఆగస్టులో వచ్చి, నాన్సీ నీల్ అనే ఆమెను ప్రేమిస్తున్నానని చెప్పాడు. డిసెంబరు 3 రాత్రి క్రిస్టీ కారులో వెళ్లిపోయింది. 14న హారోగేట్‌లోని హోటల్లో దొరికింది. అక్కడ రాయించుకున్న ఇంటిపేరు నీల్. మా వైపు అయితే తల్లి ఏటిసూతకం కూడా తీరలేదనేవారు. అలాంటి మనిషి దుఃఖాన్ని పబ్లిసిటీ కోసం ఆడిన నాటకం అన్నవాళ్లున్నారు. అది అన్యాయం. ఆత్మకథలో ఆమె ఆ రోజుల మాటే ఎత్తలేదు. ఆ మౌనాన్ని మనం గౌరవించాలి.

ఆమె నవలలకు మూలం ఇంకా వెనక ఉంది. 1901లో తండ్రి పోయేనాటికి ఆమెకు 11 ఏళ్లు. అమెరికా నుంచి వచ్చే ఆదాయం అప్పటికే కరిగిపోయింది. తల్లి ఇల్లు అమ్మేద్దామంటే పిల్లలు వద్దని బతిమాలారు. ఇల్లు చేజారిపోతుందన్న ఆ భయం పుస్తకాల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. డబ్బున్న పెద్దావిడ, ఆమె మీద ఆధారపడ్డ బంధువులు, ఇవాళో రేపో మారబోయే వీలునామా. మొదటి ప్రపంచయుద్ధంలో ఆసుపత్రి మందుల గదిలో కాంపౌండర్ పని చేసింది కాబట్టి విషాల లెక్క కూడా ఆమెకు కచ్చితంగా తెలుసు.

ఇల్లు ఒకటే అనిపించినా చట్టం వేరు. ఆమె కాలపు ఇంగ్లండ్‌లో ఆస్తిపరుడు దాదాపు తన ఇష్టం వచ్చినవాళ్లకు రాసేయొచ్చు. అందుకే అక్కడ వీలునామా మారేలోపు హత్య జరగాలి. మనకు పిత్రార్జితంలో వాటా పుట్టుకతోనే వస్తుంది. తండ్రి తన ఇష్టానికి రాయగలిగేది స్వార్జితం, పిత్రార్జితంలో తన వాటా మాత్రమే. కాబట్టి మన కుట్ర పంపకాల దగ్గర మొదలవుతుంది. పక్కకు జరిగిన పొలం గట్టు, వెనకటి తేదీ వేసిన దస్తావేజు, అక్కచెల్లెళ్లతో పెట్టించిన సంతకం. పసుపు కుంకుమ కింద ఇచ్చిన కొబ్బరితోటను అన్నదమ్ములే అనుభవించడం కోనసీమలో కొత్త కాదు. హిందూ వారసత్వ చట్టంలో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు 1986 రాష్ట్ర సవరణ, తర్వాత కూతుళ్లందరికీ 2005 కేంద్ర సవరణ వాటా ఇచ్చాక ఆ సంతకాలకు విలువ, వాటి చుట్టూ టెన్షన్ రెండూ పెరిగాయి.

ఇంత సరుకున్నా, నేను చదివినంతలో మన అపరాధ పరిశోధన నవల లోగిలిలోకి పెద్దగా రాలేదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను ఇష్టంగా చదివినవాడినే. కానీ ఈ ఇంటి గొడవలన్నీ మనం కుటుంబ నవలకు వదిలేశాం. అక్కడ అవి కన్నీళ్లతో తీరిపోతాయి. తప్పు ఎవరిదో తేల్చేదాకా వెళ్లవు. రాజోలులోనో నరసాపురంలోనో ఓ ఉమ్మడి ఇంట్లో, పెద్దకర్మ భోజనాల మధ్య మొదలయ్యే దర్యాప్తు చదవాలని నాకు ఎన్నాళ్లుగానో కోరిక.

క్రిస్టీ రెండో పెళ్లి నిలబడింది. 1930లో తనకంటే 14 ఏళ్లు చిన్నవాడైన పురావస్తు శాస్త్రవేత్త మాక్స్ మాలొవన్‌ను చేసుకుంది. ఇరాక్ తవ్వకాల్లో దొరికిన దంతపు బొమ్మలను తన ఫేస్ క్రీముతో శుభ్రం చేసింది. రెండో ప్రపంచయుద్ధంలో రెండు నవలలు రాసి దాచింది. తన డిటెక్టివ్ పాత్రల్లో పువారో చివరి కథ కూతురు రోజలిండ్‌కు, మిస్ మార్పుల్ చివరి కథ మాక్స్‌కు. 1952లో మొదలైన 'ది మౌస్‌ట్రాప్' నాటకం హక్కులు మనవడికి ఇచ్చింది. ఎవరి వాటా ఏదో ఆమె బతికుండగానే అందరికీ తెలుసు.